నడక దారి పక్కన పశువులు మేపేవాళ్లకి: కంచె, జీవకంచె మీద తరచుగా అడిగే ప్రశ్నలు

దారి పక్కన మేత నేల ఉన్నవాళ్లకి రెండు భయాలు. పశువు దారి మీదకి వెళ్తుందేమోనని ఒకటి, దారిన పోయేవాళ్ల వల్ల పశువుకి ఏమవుతుందోనని ఇంకొకటి. చాలా ఏళ్లుగా నేను దారిని ఆనుకున్న నేలలోనే ఆవుల్నీ మేకల్నీ మేపుతున్నాను, కంచె పని కూడా సొంతంగా చేసుకుంటాను, దాంతో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఎవరు కలిసినా ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

తీగ కంచె ఉందిగా, మళ్లీ మొక్కలు ఎందుకు?

తీగ పశువుని ఆపుతుంది, అంతవరకే. కంటికి అడ్డం పడదు. దారి మీద కుక్క మొరిగినా, పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తినా, ఎవరో గొడుగు ఠక్కున తెరిచినా లోపలున్న పశువుకి అన్నీ కనిపిస్తాయి, బెదురుతుంది, బెదిరిన గేదె మూడు వరసల తీగని లెక్కచేయదు. అదే దట్టమైన పచ్చటి గోడ ఉంటే అటువాళ్లు ఇటు కనపడరు, సగం గొడవ అక్కడే పోతుంది. నీడ ఎలాగూ వస్తుంది. గాలి సంగతి చాలామంది పట్టించుకోరు కానీ, జీవకంచె, అంటే ఇలా మొక్కలతో పెంచిన కంచె, తన ఎత్తుకి సుమారు 10 రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గిస్తుంది, అంటే 2 మీటర్ల కంచె వెనక 20 మీటర్ల వరకు చలిగాలిలోనూ ఈదురుగాలిలోనూ పశువు హాయిగా పడుకోగలదు. పైగా తీగ ఏటేటా తుప్పు పడుతుంది, మొక్క ఏటేటా బలపడుతుంది.

ముందు మొక్కలు నాటేస్తా, అవే పెరిగి కంచె అవుతాయి. తీగ ఖర్చు తప్పుతుంది కదా?

తప్పదండీ. నేను మొదటిసారి ఇలాగే అనుకుని వానలు మొదలవగానే 200 గోరింట మొక్కలు నాటాను. నాలుగో రోజు మధ్యాహ్నం రెండు పడ్డలు ఆ వరస వెంబడే నడుచుకుంటూ పోయాయి. తిన్నవాటికంటే తొక్కినవే ఎక్కువ, తడి నేలలో ఒక్కో గిట్ట గుర్తులో ఒక్కో మొక్క మడతపడి ఉంది. ఏ రకం మొక్కైనా పశువుని ఆపే స్థితికి రావడానికి మూడేళ్లు పడుతుంది, కొన్నిటికి అయిదు. ఆ మూడేళ్లూ మొక్కకే కాపలా కావాలి. కాబట్టి ముందు తీగ, తర్వాత మొక్క. చేతిలో డబ్బు తక్కువైతే పొడవు తగ్గించుకోండి, ఈ ఏడాది 50 మీటర్లు పూర్తిగా చేసి మిగతాది వచ్చే ఏడాదికి పెట్టుకోండి. అంతేగానీ మొత్తం పొడవునా మొక్కలు పెట్టి తీగ లేకుండా వదిలేయకండి.

హద్దు గీత మీదే నాటొచ్చా? దారికి ఎంత దూరం వదలాలి?

హద్దు మీద వద్దు. నాటినప్పుడు బొటనవేలంత ఉండే మొక్క నాలుగేళ్లలో ఒకటిన్నర, రెండు మీటర్ల వెడల్పు పరుచుకుంటుంది, అందులో సగం దారి మీదకే వస్తుంది. దారి అంచు నుంచి కనీసం ఒకటిన్నర మీటరు లోపలికి మొక్కల వరస పెట్టండి. ఆ వరసకి మళ్లీ మీటరు, మీటరున్నర లోపల తీగ కంచె వేయండి, ఆవు మెడ చాచితే అంత దూరం తేలిగ్గా అందుతుంది మరి. ఇంత నేల పోతుందా అని బాధగా ఉంటుంది, నిజమే. కానీ దారి మీదకి వంగిన ముళ్ల కొమ్మని ప్రతి రెండు నెలలకోసారి నరకడం, అది ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుందేమోనని టెన్షన్ పడటం కంటే ఆ నేల వదులుకోవడమే నయం. పని మొదలుపెట్టే ముందు సర్వేయర్‌తో కొలిపించి హద్దు రాళ్లు చూసుకోండి, పక్కవాళ్లని కూడా నిలబెట్టి చూపించండి.

నడక దారి నా నేల మధ్యలోంచే పోతోంది. దాన్ని మూసేసి పక్కనించి తిప్పొచ్చా?

మీ అంతట మీరు చేయకండి. జనానికి నడిచే హక్కున్న దారిని మూయడం గానీ మళ్లించడం గానీ పక్క భూమి యజమాని చేతిలో ఉండదు, దానికి సంబంధిత అధికారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సిందే. అది వచ్చేదాకా దారికి రెండు వైపులా కంచె వేసుకుని, పశువులు అటూ ఇటూ దాటడానికి ఎదురెదురుగా రెండు గేట్లు పెట్టుకోవచ్చు. అలా వేసేటప్పుడు దారిని ఇరుకు సందులా చేయకండి. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు కంచెకి ఆనుకోవాల్సి వచ్చేంత ఇరుకైతే అది మీకూ ప్రమాదమే, వాళ్లకీ ప్రమాదమే. మూడు మీటర్లు వదిలితే బాగుంటుంది.

## మొక్కల ఎంపిక

ఏ మొక్కలు పెడితే మంచిది?

ఒకటే రకం పెట్టకండి, ఇది నా గట్టి అభిప్రాయం. ఒక తెగులు వస్తే వరస మొత్తం పోతుంది. మూడు నాలుగు రకాలు కలిపితే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది, పూత వేర్వేరు కాలాల్లో వస్తుంది కాబట్టి తేనెటీగలకీ మంచిది.

వేడి, పొడి నేలలకైతే వాక్కాయ నా మొదటి ఎంపిక. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, రెండుగా చీలిన గట్టి ముళ్లు ఉంటాయి, నీళ్లు పెద్దగా అడగదు. దీని గింజలు పండు నుంచి తీసిన వెంటనే వేయాలి, ఎండబెట్టి దాస్తే మొలక తగ్గిపోతుంది. గోరింట కత్తిరించేకొద్దీ దట్టంగా వస్తుంది, కొమ్మ పెట్టినా బతుకుతుంది. సీమచింత ముళ్లు గట్టివి, కత్తిరిస్తే పొదలా, వదిలేస్తే చెట్టులా పెరుగుతుంది. గచ్చకాయ దాటడం ఏ జంతువు వల్లా కాదు, కొమ్మకీ ఆకు ఈనెకీ కూడా కొక్కెంలాంటి ముళ్లు. అందుకే దాన్ని దారి వైపు కాకుండా మీ పొలం వెనక హద్దుకి వాడుకోండి. గింజ పెంకు రాయిలా ఉంటుంది, గరుకు రాయి మీద ఒక పక్క అరగదీసి నీళ్లలో నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తుంది. నేల తేమగా ఉండి, చోటు ఉంటే వెదురు కూడా మంచిదే, గుబురు కట్టే రకం మాత్రమే తీసుకోండి, నేల కింద వేరు పాకించే రకం ఎక్కడో దూరంగా పైకి తేలుతుంది.

మా దగ్గర మేకలు ఉన్నాయి. వాటి ముందు ఏ మొక్కా నిలవదు కదా?

లేత మొక్క నిలవదు, ముదిరింది నిలుస్తుంది. మేక ముళ్లున్న కొమ్మల్లోంచి కూడా పెదవులతో ఒక్కో ఆకునీ ఏరుకుని తింటుంది, వెనక కాళ్ల మీద లేచి ఒకటిన్నర మీటరు పైదాకా అందుకుంటుంది. అందుకని మేకల వైపు తీగ కంచెని ఎప్పటికీ తీయకూడదు, అది మూడేళ్ల ముచ్చట కాదు. జీవకంచె బయట వరస, మెష్ (గళ్లుగా అల్లిన తీగ వల) లోపలి వరస అన్న లెక్కలో ఉండండి. మెష్ దాటి ఎంత తిన్నా కొమ్మ చివర్లే తింటాయి, అది కత్తిరింపులా పనికొస్తుంది.

పొరపాటున కూడా పెట్టకూడనివి ఏవి?

గన్నేరు. అందంగా ఉంటుంది, ఏ పశువూ ముట్టదని చాలామంది కంచెకి పెడతారు. పచ్చి ఆకు చేదుగా ఉంటుంది కాబట్టి ముట్టదు, నిజమే. కానీ కత్తిరించిన కొమ్మలు ఎండి గడ్డిలో కలిసిపోతే ఆ చేదు అంతగా తెలియదు, విషం మాత్రం అలాగే ఉంటుంది, గుండె మీద పనిచేసే విషం అది, కొద్ది ఆకులకే పశువు చనిపోవచ్చు. పచ్చగన్నేరు కూడా అంతే. లంటానా తింటే కాలేయం దెబ్బతిని, ఎండ పడ్డ చోటల్లా చర్మం పొక్కిపోతుంది. అడవి ఆముదం అని కూడా పిలిచే నేపాళం గింజలు పశువులకే కాదు, దారిన పోయే పిల్లలకీ ప్రమాదం, కాయ చూడటానికి తినేదానిలా ఉంటుంది. లొట్టపీసుని మేకలు అలవాటుపడి మరీ తింటాయి, నెమ్మదిగా నరాలు దెబ్బతిని తూలుతూ నడుస్తాయి. కాడజెముడు పాలు కంట్లో పడితే చాలా బాధ, దారి పక్కన అసలు వద్దు. కిత్తనార పశువుని బాగానే ఆపుతుంది గానీ దాని ఆకు చివర సూది సరిగ్గా చిన్నపిల్లల ముఖం ఎత్తులో ఉంటుంది, నేనైతే దారి పక్కన పెట్టను.

గ్లిరిసిడియా ఆకు ఆవులకీ మేకలకీ మేతే, కానీ గుర్రాలకి పడదు. గుర్రాలుంటే దాని జోలికి పోకండి.

సర్కారు తుమ్మ నీళ్లు పోయకపోయినా పెరుగుతుంది. అదే పెట్టేస్తే పోలా?

కంచే చేను మేసినట్టు అవుతుంది. పశువులు ఆ కాయలు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పేడలో బయటికి వచ్చి మేత నేలంతా మొలుస్తాయి, మూడు నాలుగేళ్లలో గడ్డి ఉండాల్సిన చోట ముళ్ల అడవి ఉంటుంది. నరికితే మొదలు నుంచి మళ్లీ పదిగా లేస్తుంది. ముల్లు గిట్టలో దిగితే చీము పడుతుంది, సైకిల్ టైరూ ఆగదు, చెప్పు అడుగూ ఆగదు. ఇప్పటికే ఉంటే కాయ పండకముందే కొట్టేస్తూ ఉండండి, కొత్తగా మాత్రం నాటకండి.

## కంచె వేసేటప్పుడు

దారి పక్కన ముళ్ల తీగ వేయొచ్చా?

మనుషుల చెయ్యి, బట్ట తగిలే చోట వద్దు. కొన్నిచోట్ల దారి పక్కన ముళ్ల తీగ మీద నిబంధనలు కూడా ఉంటాయి, కనుక్కోండి. వేయక తప్పదనుకుంటే రాటలకి లోపలి వైపు, అంటే పశువుల వైపు బిగించండి. ఇది దారిన పోయేవాళ్ల కోసమే కాదు, పశువు ఒరిగినప్పుడు తీగ రాటకేసి నొక్కుకుంటుంది, బయటివైపు కొడితే అదే ఒత్తిడికి మేకులు ఒక్కొక్కటే ఊడివస్తాయి. నా వరకు నేను పై వరసకీ కింద వరసకీ మామూలు తీగే వాడతాను. పైన ముళ్లుంటే దూకబోయిన పశువుకి పొట్ట, పొదుగు చీరుకుపోతాయి, కింద ముళ్లుంటే దూరబోయిన దూడకి వీపు చీరుకుపోతుంది. దూడలు, గుర్రాలు, మేకలు ఉన్నచోట ముళ్ల తీగ లేకపోవడమే మంచిది.

ఎత్తు ఎంత, రాటలు ఎంతెంత దూరంలో పాతాలి?

ఆవులకీ గేదెలకీ 1.2 మీటర్ల ఎత్తు, నాలుగైదు వరసల తీగ. గొర్రెలకి మీటరు ఎత్తు మెష్ చాలు. మేకలకి 1.2 నుంచి 1.4 మీటర్లు, అది కూడా మెష్, వరస తీగల మధ్య మేక మామూలుగా నడిచి వెళ్లిపోతుంది. రాటకీ రాటకీ రెండున్నర, మూడు మీటర్లు. రాట పొడవులో మూడో వంతు నేలలో ఉండాలి, అంటే 1.8 మీటర్ల రాట అయితే 60 సెంటీమీటర్లు లోపల. రాతి కడీలైనా, సిమెంటు స్తంభాలైనా, కర్ర రాటలైనా ఇదే లెక్క.

అసలు బలమంతా మూల రాటల్లో ఉంటుంది. తీగ లాగి బిగించాక ఆ లాగుడు అంతా మూలల మీదే పడుతుంది కాబట్టి అవి మిగతావాటికంటే లావుగా, లోతుగా ఉండాలి, లాగుడు వచ్చే వైపు నుంచి ఏటవాలుగా ఊతం పెట్టాలి. చుట్టూ కంచె బాగుండి మూల రాట మాత్రం లోపలికి వంగిపోయిన పొలాలు ఎన్ని చూశానో. కర్ర రాటకి మేకు కొట్టేటప్పుడు తీగ నలిగిపోయేంత లోపలికి దించకండి, తీగ అటూ ఇటూ జరగగలగాలి, అప్పుడే ఒకచోట పడ్డ బరువు పొడవంతా సర్దుకుంటుంది. తీగ లాగేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. బిగుసుకున్న తీగ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది.

మా మేక తల మెష్‌లో ఇరుక్కుంటోంది. ఏం చేయాలి?

గళ్ల కొలత చూడండి, 15 సెంటీమీటర్లు ఉండి ఉంటుంది. కొమ్ములున్న మేకకి అదే పెద్ద ఇబ్బంది. తల ముందుకి దూరుతుంది, వెనక్కి లాగితే కొమ్ములు అడ్డం పడతాయి. అలా ఇరుక్కున్న మేక ఎండలో నీళ్లు లేక చచ్చిపోవచ్చు, కుక్క వస్తే పారిపోలేదు. గళ్లు 10 సెంటీమీటర్లకి మించకుండా ఉంటే తల దూరదు, లేదా అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉన్న మెష్ అయితే దూరినా వెనక్కి తీసుకోగలదు. ఇప్పటికే 15 గళ్ల మెష్ వేసేసి ఉంటే, ఇరుక్కునే అలవాటున్న మేకకి రెండు కొమ్ముల మీదుగా అడ్డంగా ఒక చిన్న కర్ర పెట్టి టేపు చుట్టండి, కర్ర అడ్డం వచ్చి తల దూరదు. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది.

దారి పక్కన కరెంటు కంచె పెట్టొచ్చా? జనం చనిపోరా?

ఇక్కడ రెండు వేర్వేరు విషయాల్ని ఒకే పేరుతో పిలుస్తున్నారు, దానివల్లే ప్రాణాలు పోతున్నాయి. ఇంటి కరెంటునో మోటారు కరెంటునో నేరుగా తీగకి తగిలించడం ఒకటి. అది నేరం, ఎంత చిన్న పొలమైనా, ఎంత అడవి పందుల బెడద ఉన్నా, ఒక్క రాత్రికైనా చేయకూడదు. ఆ కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది, పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోయి మనిషి వదిలించుకోలేడు.

ఎనర్జైజర్ అనే యంత్రం పెట్టడం వేరే. అది సుమారు సెకనుకోసారి, అది కూడా సెకనులో వెయ్యో వంతు కూడా లేనంత సేపు మాత్రమే దెబ్బ కొట్టి ఆగుతుంది. వోల్టేజీ 5,000 నుంచి 8,000 దాకా ఉన్నా అందులో ఉండే శక్తి పరిమితం, ఆ విరామంలో పశువైనా మనిషైనా వెనక్కి తగ్గుతారు. యంత్రం ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో చూసి కొనండి, సొంతంగా తయారుచేసినవి, ఎవరో విప్పి మార్చినవి వద్దే వద్దు. దారి పక్కన వాడేటప్పుడు తీగ జీవకంచెకి లోపలి వైపే ఉండాలి, దారి మీంచి చెయ్యి చాచినా అందకూడదు. హెచ్చరిక బోర్డులు గేట్ల దగ్గరా, దారి పొడవునా కనీసం 100 మీటర్లకి ఒకటీ పెట్టండి, చదవలేనివాళ్ల కోసం బొమ్మ కూడా ఉండాలి. ముళ్ల తీగకి ఎప్పుడూ కరెంటు ఇవ్వకూడదు, ముల్లుకి బట్టో చర్మమో చిక్కుకుంటే దెబ్బ మీద దెబ్బ తగులుతూనే ఉంటుంది.

ఎనర్జైజర్ పెట్టాం, టిక్ టిక్ అంటోంది, కానీ పశువులు లెక్కచేయట్లేదు. ఎందుకని?

నూటికి తొంభై సార్లు ఎర్తింగ్. కరెంటు తీగలోంచి పశువులోకి, పశువులోంచి నేలలోకి, నేలలోంచి ఎర్త్ రాడ్ ద్వారా యంత్రానికి తిరిగి రావాలి. నేల ఎండిపోతే ఆ దారి తెగిపోతుంది. 2 మీటర్ల రాడ్లు కనీసం మూడు, మూడేసి మీటర్ల ఎడంతో దించండి, వేసవిలో వాటి మొదట్లో నీళ్లు పోస్తూ ఉండండి. ఇంటి కరెంటు ఎర్త్‌కి 10 మీటర్లయినా దూరంగా ఉండాలి. తర్వాత చూడాల్సింది గడ్డి. వానల తర్వాత పచ్చగడ్డి పెరిగి కింది తీగకి తగిలితే తగిలిన ప్రతి గడ్డిపోచా కొంచెం కొంచెం కరెంటు తాగేస్తుంది.

కంచె పని అయిపోయింది. ఇక పశువుల్ని వదిలేయొచ్చా?

ఆగండి, ముందు నేల మీద పడ్డ తీగ ముక్కలు ఏరండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీని గురించి నేను పదే పదే చెబుతాను, ఎందుకంటే మా మంచి పాడి ఆవుకి ఇదే జరిగింది. మేత మానేసింది, పాలు ఒక్కపూటలో సగానికి పడ్డాయి, వీపు విల్లులా పైకి వంచి నిలబడేది, పల్లం దిగమంటే మూలిగేది. డాక్టరు ఆపరేషన్ చేసి వేలి పొడవు కూడా లేని తీగ ముక్క తీశారు, ఒక కొన సూదిలా ఉంది, కట్టర్‌తో ఏటవాలుగా కత్తిరించిన కొన. పశువు మేతని నమలకుండా మింగుతుంది, ఇనుము బరువు కాబట్టి కడుపులో రెండో గదిలో ఆగుతుంది, ఆ గది గోడకి కొద్ది దూరంలోనే గుండె ఉంటుంది. ఆ ముక్క కొంచెం ముందుకి జరిగి ఉంటే ఆవు దక్కేది కాదు.

అప్పటి నుంచి పనికి ఒక బకెట్ తీసుకెళ్తాం, కత్తిరించిన ప్రతి ముక్కా అప్పటికప్పుడే అందులో పడాలి. ఉదయం ఎన్ని మేకులు తీసుకెళ్లామో లెక్క, సాయంత్రం ఎన్ని మిగిలాయో లెక్క. చివర్లో పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి కంచె వెంబడి ఈడ్చుకుంటూ నడుస్తాం. ప్రతిసారీ ఏదో ఒకటి అంటుకుంటుంది.

## నాటడం, మొదటి మూడేళ్లు

ఎప్పుడు నాటాలి, ఎంతెంత దూరంలో?

వేడి ప్రాంతాల్లో వానలు మొదలై నేల జానెడు లోతు తడిశాక. చలి ఎక్కువుండే ప్రాంతాల్లో ఆకు రాలి మొక్క నిద్రలో ఉన్న కాలంలో. రెండు వరసలు నాటండి, వరసకీ వరసకీ 40 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 30, రెండో వరస మొక్క మొదటి వరస ఖాళీకి ఎదురుగా వచ్చేలా. ఒంటి వరస నాటితే ఒక్క మొక్క చచ్చిపోయినా అక్కడ తలుపు తెరుచుకున్నట్టే, దూడ దూరిపోతుంది. గుంతలు విడివిడిగా తీసేకంటే పొడవునా అడుగున్నర లోతు గాడి తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటితే వేళ్లు పొడవునా పాకుతాయి. మొదట్లో ఎండుగడ్డి పరవండి, కాండానికి ఆనకుండా నాలుగు వేళ్లు వదలండి, ఆనితే చెద వస్తుంది. మొదటి వేసవి దాటేదాకా వారానికోసారి నీళ్లు ఇస్తే తర్వాత చాలా రకాలు వాటంతటవే బతుకుతాయి.

మొక్కలు ఏపుగా పెరుగుతుంటే కత్తిరించమంటారేంటి?

మనసొప్పదు, తెలుసు. కానీ కత్తిరించని మొక్క పొడవుగా పోయి కింద బోసిగా మిగులుతుంది, పశువు దూరేది సరిగ్గా అక్కడే. మోకాలి ఎత్తు వచ్చాక మూడో వంతు తీసేయండి, పక్క చిగుళ్లు వస్తాయి, అవి జానెడు పెరిగాక మళ్లీ చివర్లు తుంచండి. మొదటి రెండేళ్లు ఎత్తు గురించి ఆలోచించకండి, కింద రెండడుగులు దట్టంగా వచ్చిందా లేదా అన్నదే చూడండి.

గ్లిరిసిడియా కొమ్మలు పాతి వాటికే తీగ కొట్టొచ్చా? రాటల ఖర్చు మిగులుతుంది.

కొట్టొచ్చు, కానీ వెంటనే కాదు. మనిషి ఎత్తు కొమ్మలు పాతాక బాగా వేరు పట్టేదాకా ఏడాదైనా ఆగండి, ముందే తీగ లాగితే ఊగిపోయి కొత్త వేళ్లు తెగుతాయి. తీగని కాండం చుట్టూ ఎప్పుడూ చుట్టకండి, చెట్టు లావైనకొద్దీ తీగ బెరడులోకి దిగి చెట్టు గొంతు నులిమినట్టు అవుతుంది. చిన్న చెక్కముక్కని కాండానికి కొట్టి, తీగని ఆ చెక్కకి బిగించండి.

కొత్త కంచెని పశువులు చూసుకోకుండా గుద్దేస్తున్నాయి.

సన్న తీగ వాటికి కనిపించదు. పై వరసకి రెండు మూడు మీటర్లకోసారి తెల్లగుడ్డ పీలికలు కట్టండి, గాలికి కదలాలి. మొదటిసారి పగటిపూటే వదలండి, కంచె చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిప్పండి.

## దారిన పోయేవాళ్లు, వాళ్ల కుక్కలు

ఎన్నిసార్లు చెప్పినా గేటు తీసి వదిలేస్తున్నారు. తాళం వేసేయనా?

జనం నడిచే దారి మీది గేటుకి తాళం వేయకూడదు. మనుషులు మారతారని ఎదురుచూడకండి, గేటునే మార్చండి. కీలు రాటని పిసరంత ఏటవాలుగా పాతితే గేటు దాని బరువుకి అదే వచ్చి మూసుకుంటుంది, లేదా స్ప్రింగ్ పెట్టండి. గేటు పొలం లోపలికి తెరుచుకోవాలి, దారి మీదకి కాదు. వీల్‌చెయిర్, పిల్లల బండి పట్టేలా మీటరుకి పైగా వెడల్పు ఉంచండి. గడియ ఒంటి చేత్తో తీసేలా ఉండాలి, రెండు చేతులూ కావాల్సి వస్తే మోత ఉన్నవాళ్లు తీసి అలాగే వదిలేస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. ట్రాక్టరు వెళ్లే పెద్ద గేటు వేరేగా పెట్టి దానికి తాళం వేసుకోండి. బోర్డు మీద కోపంగా రాయడం కంటే "లోపల దూడలున్నాయి, దయచేసి గేటు వేయండి" అని రాస్తే ఎక్కువమంది వింటున్నారని నేను గమనించాను.

కుక్కలు కంచె కింద తవ్వి వస్తున్నాయి. గొర్రెలకి భయం.

మెష్‌ని కింద ఒక అడుగు మట్టిలో పాతండి. నేల రాతిదైతే అడుగు వెడల్పు మెష్‌ని బయటివైపు నేల మీద పరిచి, కొక్కేలతో దించి, కంచెకి కట్టేయండి. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, కాలి కింద మెష్ తగిలితే వదిలేస్తుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. రాత్రిపూట గొర్రెల్ని దారి పక్క నుంచి లోపలి దొడ్డికి మార్చడం ఇంకా మంచిది.

కుక్క కరవకపోయినా దాని మలంతో బెడద ఉంది. నియోస్పోరా అనే సూక్ష్మజీవి కుక్క మలం ద్వారా మేతలోకి చేరి ఆవులు ఈసుకుపోయేలా చేస్తుంది. గొర్రెలకైతే కుక్కల్లో ఉండే ఒకరకం బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో నీటితిత్తి పడి, ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ చనిపోతాయి. పెంపుడు కుక్కలతో నడిచేవాళ్లకి ఈ ముక్క చెప్పండి, చాలామందికి తెలియదు, తెలిశాక ఎత్తేస్తారు. చనిపోయిన గొర్రెల్ని, ఆవు మాయని కుక్కలకి అందకుండా లోతుగా పాతిపెట్టడం మన వంతు.

దారిన పోయేవాళ్లు ప్రేమగా ఏదో ఒకటి తినిపిస్తున్నారు. ఆపాలా?

ఆపాలి. ప్లాస్టిక్ కవరుతో సహా వేసేవాళ్లు ఉంటారు, అది కడుపులో ఉండలు కట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. అన్నం, పిండి పదార్థాలు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు పులిసి పశువు ఒక్కరోజులో పోవచ్చు. పైగా తిండి దొరుకుతుందని తెలిస్తే పశువులు ఎప్పుడూ కంచెకే ఆనుకుని ఉంటాయి. నీళ్ల తొట్టి, ఉప్పు దిమ్మ, మేత దాణా అన్నీ దారికి దూరంగా ఉన్న మూలకి మార్చండి, మంద దానంతటదే అటు జరుగుతుంది.

ఈనిన ఆవుని దారి పక్క మడిలో ఉంచొచ్చా? ఆబోతుని?

రెండూ వద్దు. ఎంత సాధువైన ఆవైనా కొత్త దూడ ఉన్నప్పుడు మనిషి మీదకి, ముఖ్యంగా కుక్కని వెంటబెట్టుకున్న మనిషి మీదకి, దుమికే ప్రమాదం ఉంది. లోపలి మడి ఒకటి దీనికోసం వదిలిపెట్టుకోండి.

## పెరిగాక

అయిదేళ్లయింది, పైన దట్టంగా ఉంది, కింద ఖాళీలు. ఎలా పూడ్చాలి?

ఆ ఖాళీలో కొత్త మొక్క పెడితే పెద్దవాటి నీడలో, వేళ్ల పోటీలో బతకడం కష్టం. పక్క మొక్క నుంచి ఒక పొడవైన లేత కొమ్మని వంచి, మధ్యలో బెరడు కొంచెం గీరి, మట్టిలో కప్పి కొక్కెంతో దించండి. తల్లి మొక్క నుంచి ఆహారం వస్తూనే ఉంటుంది కాబట్టి నీడలో కూడా వేరు పడుతుంది. గోరింటకి ఇది బాగా పనిచేస్తుంది. అప్పటిదాకా ఆ ఖాళీలో రెండు అడ్డకర్రలు కట్టండి.

ఏ ఆకారంలో, ఎప్పుడు కత్తిరించాలి?

కింద వెడల్పు, పైన సన్నం, గడ్డివాములా. నిట్టనిలువుగా గానీ పైన లావుగా గానీ కత్తిరిస్తే కింది కొమ్మలకి ఎండ తగలక ఎండిపోతాయి. కత్తిరించే ముందు కొమ్మల్లోకి తొంగిచూడండి, గూళ్లలో గుడ్లో పిల్లలో ఉంటే కొన్ని వారాలు ఆగండి, కంచెకి ఏమీ కాదు. దారి వైపు రాలిన ముళ్ల కొమ్మలు ఆ రోజే ఊడ్చేయాలి, రేపటికి పెట్టకూడదు. దారి మలుపు తిరిగే చోట ఎదురు మనిషి కనపడేలా నడుం ఎత్తుకే ఉంచండి.

ఇప్పుడు తీగ తీసేయొచ్చా?

ఆవులు, గేదెలు మాత్రమే ఉంటే తీయొచ్చు, కానీ ఒక పరీక్ష చేశాకే. లోపలి వైపు, దూడ కంటి ఎత్తులో గొంతుకూర్చుని కంచె వెంబడి చూస్తూ పోండి. దారి మీద నడిచేవాళ్ల కాళ్లు ఎక్కడైనా కనిపిస్తే అక్కడ తీగ ఇంకో ఏడాది ఉండాలి. ఆకు తక్కువగా ఉండే కాలంలో చేయండి ఈ పరీక్ష, వానల్లో అంతా గోడలాగే కనిపిస్తుంది. తీసేటప్పుడు కొమ్మల్లో ఇరుక్కున్న తీగని గుంజకండి, ముక్కలు లోపలే తెగి మిగిలిపోతాయి, రెండు వైపులా కత్తిరించి చేత్తో ఒక్కొక్కటే బయటికి తీయండి, బకెట్ పక్కనే పెట్టుకోండి.